మాష్టారు చెప్పుకోని తప్పు

మా అయిదో తరగతి మాష్టారు పోయారు. శనివారం దర్శి నుంచి ఎడ్లకి పత్తిగింజలు వేసుకుని వచ్చిన మా ఆయన, బండి విప్పకముందే వాకిట్లోంచి ఆ కబురు చెప్పారు. "నీ మాష్టారు పోయారంట. నిన్న తెల్లారుజామున, నిద్రలోనే." అంతే అని, నా ముఖంకేసి ఒకసారి చూసి, ఎడ్లకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు. నేను చేటలో కందిపప్పు చెరుగుతున్నాను. చెరగడం ఆపలేదు. ఏడుపు కూడా రాలేదు. నిజం చెప్పాలంటే ముందు నాకు కోపం వచ్చింది. నాకు చెప్పాల్సిన మాట ఒకటి పదిహేనేళ్ళుగా దగ్గర ఉంచుకుని, అది చెప్పకుండానే ఎలా పోతారు ఈయన అనిపించింది.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మంచి చెబుతాను, చాలానే ఉంది. రెండోది కూడా చెబుతాను. అది దాచిపెట్టి మంచి మాత్రమే రాస్తే, చదివే మీకు బాగానే ఉంటుందిగానీ ఆయన దగ్గర చదువుకున్న పిల్లగా నాకు సిగ్గుచేటు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు అవి. మా పుట్టినూరు సత్తెనపల్లికి ఎనిమిది మైళ్ళు. చుట్టూ నల్లరేగడి, మిరప, పత్తి, మధ్యమధ్యలో జొన్న. మాష్టారు మా ప్రాంతం మనిషి కాదు. దర్శి వైపు మెట్ట ఊరి నుంచి బదిలీ మీద వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఖద్దరు చొక్కా మోచేతుల దగ్గర అతుకులు వేసి ఉండేది. గొంతు పెద్దది కాదు. చేతిలో బెత్తం లేదు. బెత్తం లేని మాష్టారు ఏం చదువు చెబుతాడని ఊరంతా నవ్వింది. మా నాన్న కూడా నవ్వాడు.

వచ్చిన రోజు ఆయన అక్షరం ముక్క చెప్పలేదు. బడి మూలనున్న నీళ్ళకుండ దగ్గరకి మమ్మల్నందరినీ తీసుకెళ్ళి, నీళ్ళు తాగాక గ్లాసు కడిగి బోర్లించడం నేర్పారు. "నీ తరవాత తాగేవాడెవడో నీకు తెలియదు. తెలియనివాడి కోసం కడగడమే మర్యాద" అన్నారు. పలక మీద ఉమ్మి తుడవకూడదు, తడిగుడ్డ తెచ్చుకోవాలి. ఎవరింటికైనా వెళ్తే చెప్పులు గడపకి అడ్డంగా కాకుండా గోడవారగా విడవాలి. ఇలాంటివే రెండు నెలలు. మా అమ్మ విసుక్కుంది. "ఇవి నేర్పడానికి బడెందుకే, నేను చెబితే వినవుగా!" నిజమే, అమ్మ చెబితే విననివి ఆయన చెబితే ఎందుకు విన్నామో నాకిప్పటికీ తెలియదు.

ఊళ్ళో అందరినీ నవ్వించింది గట్ల మీది నడక. మాఘమాసం వచ్చేసరికి బడికి వచ్చే దారి పొడుగునా ఎర్రటి మిరపపండ్లు, అటు చూస్తే పగిలిన పత్తికాయలు. పిల్లల చేతులు ఊరుకుంటాయా? నడుస్తూ నడుస్తూ ఒక కాయ తుంచడం, ఒక దూది పింజ లాగడం మాకు ఆట. మాష్టారు ఒక నియమం పెట్టారు. ఇతరుల చేలగట్టు ఎక్కగానే రెండు చేతులూ వెనక్కి పెట్టి పట్టుకోవాలి, గట్టు దిగేదాకా వదలకూడదు. "చెయ్యి ముందుంటే కంటి మాట వింటుంది. వెనక ఉంటే నీ మాట వింటుంది" అనేవారు. ముందు ఆయన, వెనక ముప్పై మందిమి వరసగా చేతులు వెనక్కి కట్టుకుని నడిచి వస్తుంటే చేలల్లో కూలీలు పని ఆపి కేకలేసేవాళ్ళు. "ఒరేయ్, చూడండ్రా! రెక్కలు కట్టేసిన కోడిపిల్లలు వస్తున్నాయి!" మాష్టారు కూడా నవ్వి వాళ్ళకి దండం పెట్టేవారు, చేతులు వెనకనుంచి తియ్యకుండానే, తల వంచి.

అసలు సంగతి పొద్దుటి మాట. ప్రార్థన అయ్యాక అందరం చాపల మీద కూర్చుని, ఒక్కొక్కరం నిన్న చేసిన తప్పు ఒకటి, ఒక్క వాక్యంలో చెప్పాలి. దానికి నాలుగు కట్టుబాట్లు. ఎవరి తప్పు వారే చెప్పాలి, పక్కవాడిది చెప్పకూడదు. విన్నవాళ్ళు నవ్వకూడదు. చెప్పిన తప్పుకి దండన ఉండదు. నాలుగోది ఆయన ప్రతి సోమవారం మళ్ళీ గుర్తుచేసేవారు. "ఇక్కడ చెప్పింది ఈ గడప దాటదు. ఇది నా మాట."

మొదటి తప్పు ఎప్పుడూ ఆయనదే. "నిన్న చారులో ఉప్పు ఎక్కువైందని మా ఇంటావిడ మీద విసుక్కున్నాను. తీరా చూస్తే రెండోసారి ఉప్పు వేసింది నేనే." "ఉత్తరం రాలేదని పోస్టుమేనుని కసిరాను. రాయనివాళ్ళు రాయకపోతే ఆయనేం చేస్తాడు?" ఇంత పెద్దమనిషి మా ముందు తల కాస్త వంచి ఇలాంటివి చెబుతుంటే, మాకు దాచుకోవాలన్న బుద్ధే పుట్టేది కాదు. తమ్ముడి బెల్లం ముక్క తిన్నానని ఒకరు, అమ్మమ్మకి ఎదురు చెప్పానని ఒకరు. చెప్పేశాక ఒళ్ళు తేలికయ్యేది. కొన్నాళ్ళకి వింతేమిటంటే, రేపు చెప్పుకోవాల్సి వస్తుందని చెయ్యబోయే పని మానేయడం మొదలుపెట్టాం. "మంచితనం పండక్కి కట్టుకునే పట్టుబట్ట కాదమ్మా, రోజూ ఉతికి ఆరేసుకునే గుడ్డ" అని ఆయన ఊరికే అనలేదు.

నేను బడిలో అన్నిటికంటే లెక్కల్లో ముందుండేదాన్ని. ఆ ఏడు సంక్రాంతి వెళ్ళిన వారానికి మాష్టారు మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చున్నారు. అమ్మ మజ్జిగ ఇస్తే పక్కన పెట్టుకున్నారుగానీ తాగలేదు.

"అయ్యా, మీ పిల్లని జూన్‌లో సత్తెనపల్లి హైస్కూల్లో ఫస్టు ఫారంలో చేర్పించాలి. మీరు సరేనంటేనే ఈ మజ్జిగ తాగుతాను."

మా నాన్న మీసం కింద నవ్వుకున్నాడు. "ఆడపిల్లకి అంత దూరం చదువేంటి మాష్టారూ?"

"మీ చెల్లెలుగారు సత్తెనపల్లిలోనే ఉన్నారు కదండీ. అక్కడుంటుంది. ఈ పిల్ల ఆగితే నాకు తప్పవుతుంది."

నాన్న చేతిలోని చుట్ట నుసి అరుగు అంచున దులిపాడు. తరవాత, "మీరింత చెప్పాక కాదంటానా? తాగండి, మజ్జిగ పులుస్తుంది" అన్నాడు. తలుపు వెనక నిలబడి నేను నోట్లో పరికిణీ అంచు కుక్కుకున్నాను. మా ఊరి నుంచి హైస్కూలు గుమ్మం ఎక్కబోతున్న మొదటి ఆడపిల్లని నేను. ఆ రెండు నెలలూ నేను నేల మీద నడవలేదు.

మిరపకాయ గురించి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. కళ్ళంలో బాగా ఎండిన కాయ పెళుసుగా ఉంటుంది. అలాగే గోనెల్లో పోసి తొక్కితే ముక్కలై, గింజ రాలిపోతుంది. అందుకని చివరి రోజు కాయ మీద కాస్త నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక గోతాల్లో వేసి, మనిషి లోపలికి దిగి కాళ్ళతో తొక్కుతాడు. అలా తొక్కిన గోతాన్ని టిక్కీ అంటాం. నీళ్ళు చల్లడం తప్పు కాదు, పద్ధతే. 'కాస్త' అంటే ఎన్ని నీళ్ళన్నదే రైతుకీ షావుకారుకీ తరతరాల తగువు. నీళ్ళు ఎక్కువైతే బరువు తూగుతుంది, కానీ లోపల కాయ నల్లబడుతుంది.

ఆ ఏడు మా నాన్న చెయ్యి కాస్త ధారాళంగానే తిరిగింది. బావి నుంచి నీళ్ళు మోసింది నేను. "ఇంకో బిందె తే" అన్నాడు. తెచ్చాను. "ఇంకోటి" అన్నాడు. అప్పుడు నాకు ఎక్కడో గుచ్చుకుంది. తెచ్చాను గానీ, మర్నాడు పొద్దుటి మాటలో నా వంతు రాగానే, "నిన్న నేను రెండు బిందెల నీళ్ళు ఎక్కువ మోశానండి" అన్నాను. నాన్న పేరు ఎత్తకూడదన్నది కట్టుబాటు కదా, ఎత్తలేదు.

మాష్టారికి అర్థం కాలేదు. మెట్ట మనిషి, మిరప సంగతి ఆయనకేం తెలుసు! "నీళ్ళు మోస్తే తప్పేముందమ్మా?" అని అడిగారు. అడిగితే చెప్పాను. వినేసరికి ఆయన కళ్ళు మెరిశాయి. "నీ వంతు తప్పు నువ్వు వేరుచేసి చూసుకున్నావు. పెద్దవాళ్ళకి కూడా చాతకాదమ్మా ఇది" అన్నారు. ఆ రోజంతా ఆ మెచ్చుకోలు తలుచుకుంటూ ఉన్నాను.

సరిగ్గా అయిదో రోజున ఇన్‌స్పెక్టరు వచ్చారు. బడికి మామిడాకులు కట్టాం. మునసబు, కరణం, బడికి గోడగడియారం ఇచ్చిన మిరపకాయల షావుకారు, అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. మా నాన్న కాయ కొన్నది ఆ షావుకారే. మర్నాడు బండ్లు రావాలి, టిక్కీలు మా పాకలో సిద్ధంగా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు లెక్కలడిగారు, పద్యాలడిగారు. సంతోషించారు. "బెత్తం లేకుండా వీళ్ళని ఎలా అదుపులో పెడుతున్నారండీ?" అని అడిగారు. మాష్టారు పొద్దుటి మాట గురించి చెప్పారు. ఇన్‌స్పెక్టరు నవ్వారు. "బెల్లం తిన్నాం, అల్లరి చేశాం అని చెబుతారులెండి. నిజంగా చెప్పాల్సిన తప్పులు పిల్లలు చెబుతారా?"

ఆ నవ్వు మాష్టారికి తగిలింది. ముఖం ఎర్రబడింది. అంత నిదానమైన మనిషికి పౌరుషం రావడం నేనదే మొదటిసారి చూడటం.

"చెబుతారండీ. లేమ్మా" అని నన్ను లేపి, నా తల మీద చెయ్యి వేశారు. "ఈ పిల్ల చూడండి. ఇంట్లో మిరపకాయ టిక్కీలకి ఎక్కువ నీళ్ళు చల్లితే, ఆ నీళ్ళు మోసింది తాను కాబట్టి తప్పు తనదని చెప్పింది. ఇంట్లోవాళ్ళు బరువు కోసం చేసిన పనిలో తన వంతు ఎంతో చూసుకుంది. ఇంతకంటే ఏం కావాలండీ?"

ఉన్నదున్నట్టు చెబుతున్నాను, మొదట నాకు గర్వంగానే ఉంది. తల మీద చెయ్యి వెచ్చగా ఉంది. అప్పుడు షావుకారుకేసి చూశాను. ఆయన తాంబూలం నమలడం ఆపేశాడు.

"మీ కాయేనామ్మా?" అని అడిగాడు, చాలా మెత్తగా.

నేను మాష్టారి వంక చూశాను. గడప దాటదన్న మనిషి ఆయనే కదా, ఇప్పుడు ఏదో ఒకటి అంటారనుకున్నాను. ఆయన నన్ను చూడటం లేదు. ఇన్‌స్పెక్టరు తన పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు, మాష్టారు ఆ కలంకేసి చూస్తున్నారు. ఇక నాకు మిగిలింది ఆయన నేర్పిన అలవాటే.

"మా కాయేనండి" అన్నాను.

సాయంత్రానికి షావుకారు మనుషులు వచ్చారు. టిక్కీలు విప్పి చూడనిదే బండికి ఎత్తేది లేదన్నారు. కళ్ళంలోకి లాగి, ఊరంతా చూస్తుండగా నాలుగు విప్పారు. నడిమి కాయ నల్లబడి ఉంది. చూడటానికి వచ్చి పెదవి విరిచిన రైతులందరి టిక్కీల్లోనూ నీళ్ళున్నాయి, అందరివీ అదే బావి నీళ్ళు. ఆ సంగతి షావుకారుకీ తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటమే ఇన్నాళ్ళూ మర్యాద. ఇన్‌స్పెక్టరు ముందు, మునసబు ముందు బయటపడ్డాక ఇంకా తెలియనట్టు ఎలా ఉంటాడు? నలుగురి మీదా చూపించాల్సిన కోపం మా నాన్న ఒక్కడి మీద చూపించాడు. ఆ రోజు నుంచి ఊళ్ళో మా నాన్న పేరు నీళ్ళాయన. ఇప్పటికీ అదే పేరు.

నాన్న నన్ను కొట్టలేదు. టిక్కీలన్నీ కుమ్మరించి మళ్ళీ ఆరబోస్తూ, తలెత్తకుండా అన్నాడు. "రేపట్నుంచి బడికి పోవాకు."

"సత్తెనపల్లికి?"

"ఏ పల్లీ లేదు, ఏ చదువూ లేదు. నా ఇంటి గుట్టు బజారున పెట్టడానికా నిన్ను పంపింది?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? ఇట్టాంటి చదువు మన ఇంటా వంటా లేదు."

మర్నాడు మధ్యాహ్నం మా పక్కింటి మస్తాన్‌బీ వచ్చింది. వాళ్ళ నాన్న ఊళ్ళో దూది ఏకుతాడు. నా పక్కనే కూర్చునే పిల్ల. గడపలో నిలబడి నన్ను చూసి ఏడ్చింది. నేను ఏడవలేదు, ఒక్కటే అడిగాను.

"పొద్దున మాష్టారు ఏం తప్పు చెప్పారే?"

"ఇన్‌స్పెక్టరుగారు ఎండన పడి వస్తే మజ్జిగ ఇయ్యడం ఆలస్యమైందంట. అది తప్పన్నారు."

"ఇంకేం చెప్పలేదా?"

"ఊహూఁ. హాజరు పిలిచేటప్పుడు నీ పేరు కూడా పిలవలేదే. దాటేశారు."

మజ్జిగ! నేను ఈ రోజు వరకూ మజ్జిగ చిలికినప్పుడల్లా ఆ మాట వినపడుతుందంటే మీరు నమ్మకపోవచ్చు. మాట జారడం నాకు అర్థమవుతుంది. పౌరుషంలో ఎవరైనా జారతారు. పద్ధతి గెలవాలన్న ఆశలో పిల్లని మరిచిపోవడం కూడా, ఈ వయసులో, అర్థం చేసుకోగలను. కానీ మర్నాడు పొద్దున ముప్పై మంది ముందు కూర్చుని, తప్పు కోసం వెతుక్కుని, నన్ను దాటి మజ్జిగ దగ్గరకి వెళ్ళారు చూడండి, అది నాకు మింగుడుపడలేదు. అంటే చారులో ఉప్పు, పోస్టుమేను, అన్నీ చెప్పుకోవడానికి తేలికైన తప్పులేనా? మాకు నేర్పింది ఇదేనా? చిన్నవి చెబుతూ ఉంటే పెద్దది ఎవరూ అడగరనా?

అయినా ఆయన వస్తారని కాచుకున్నాను. అరుగు మీద కూర్చుని, ఆ రోజులాగే మజ్జిగ పక్కన పెట్టుకుని, "అయ్యా, తప్పు నాది, పిల్లది కాదు" అని ఒక్కమాట అంటే మా నాన్న కరిగేవాడు. నాకు తెలుసు, ఆయన మొండివాడేగానీ రాయి కాదు. రోజూ మా వీధి గుండా బడికి వెళ్ళే మనిషి కుమ్మరి వీధి గుండా చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. నేను జూన్ దాకా కాచుకున్నాను. జూన్ వెళ్ళింది. ఆగస్టులో ఆయనకి బదిలీ అయింది. పిల్లలందరూ పూలదండలు వేశారట. నేను వెళ్ళలేదు.

పదహారో ఏట నాకు పెళ్ళయింది. విచిత్రం, దర్శి దగ్గరి ఊరికే ఇచ్చారు. కోపం వచ్చినా అలవాట్లు పోలేదు. ఇప్పటికీ ఇతరుల గట్టెక్కితే నా చేతులు వాటంతట అవే వెనక్కి పోతాయి. నీళ్ళు తాగితే చెంబు బోర్లిస్తాను. పొద్దుటి మాట కూడా మానలేదు. కొత్త కోడలిని, ఎవరితో చెప్పుకోను? పాలు పితుకుతూ గేదెతో చెప్పేదాన్ని. ఒకరోజు మా ఆయన విని, "పాపాలు చెబితే పాలు ఎక్కువిస్తుందా ఏంటి?" అని పగలబడి నవ్వారు.

ఆ అలవాటు నన్ను నిలబెట్టిందని కూడా చెప్పాలి. కాపరానికి వచ్చిన నెలకే ఆవకాయ జాడీ చేయి జారి పగిలింది. ఎవరూ చూడలేదు. పిల్లి మీదికి తోసేయొచ్చు. మా అత్తగారు నిద్ర లేవగానే ఎదురెళ్ళి చెప్పాను. ఆవిడ చాలాసేపు నన్ను తిట్టి, మూడు రోజుల తరవాత సామాన్ల గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. "ఈ పిల్ల తప్పు చేస్తే మనకంటే ముందు తనే చెబుతుంది, ఇంకేం భయం" అని ఇరుగమ్మతో అన్నారు. ఈ ఇంట్లో నాకున్న మాట విలువంతా మాష్టారు పెట్టిన భిక్షే. ఆయన్ని పూర్తిగా తిట్టలేను, పూర్తిగా దండం పెట్టలేను. ఒక మనిషి విషయంలో ఇంతకంటే పెద్ద కష్టం ఉండదు.

మూడేళ్ళ క్రితం దర్శి బస్సుల దగ్గర కనపడ్డారు. రిటైరై సొంతింటికి వచ్చేశారట. గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఇంకా సన్నబడ్డారు. నేను పలకరించకముందే ఆయనే గుర్తుపట్టారు. మా నాన్న పేరు, నేను కూర్చునే చాప, మస్తాన్‌బీ, అన్నీ చెప్పారు.

"ఇంకా పొద్దుటి మాట చెప్పుకుంటున్నావా అమ్మా?"

"చెప్పుకుంటున్నానండి." అడిగేశాను. "మాష్టారూ, ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన మర్నాడు మీరేం చెప్పారండీ?"

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "ఎప్పటి మాటమ్మా అది. గుర్తులేదు" అన్నారు.

నేను కూర్చునే చాప గుర్తుంది, అది గుర్తులేదు. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యెత్తి దీవించారు. నేను తల వంచలేదు.

ఇదీ నేను ఆ శనివారం చేటలో పప్పుతో పాటు చెరిగింది. అయినా పరామర్శకి వెళ్ళకుండా ఉండలేకపోయాను. సోమవారం మా ఆయన బండి కట్టారు. మాష్టారి భార్యని నేను చిన్నప్పుడు చూశానుగానీ ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. నా పుట్టినూరు పేరు చెప్పి, "మాష్టారి దగ్గర అయిదు చదివానండీ పిన్నిగారూ" అన్నాను. ఆవిడ ఏడుపు ఆపి నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"మిరపకాయల పిల్లవా? నీళ్ళు మోసిన పిల్లవి నువ్వేనా తల్లీ?"

తలూపాను.

"ఎన్ని ఊళ్ళు తిరిగామో, ఎక్కడికెళ్ళినా మొదటి రోజు నీ కథే చెప్పేవారమ్మా! ఇట్టాంటి పిల్లకి చదువు చెప్పాను, నా జన్మ ధన్యమైందనేవారు. నువ్వు సత్తెనపల్లిలో చదివి, ఎస్సెల్సీ ఫస్టున ప్యాసై, పంతులమ్మవయ్యావని చెబుతూ మురిసిపోయేవారు. ఏ ఊళ్ళో చేస్తున్నావమ్మా ఇప్పుడు?"

పదిహేనేళ్ళ పాటు, ఊరూరా, ఆయన నన్ను చదివించారు. జీవితంలో తీసేసుకున్నది కథలో ఇచ్చేశారు. అది పశ్చాత్తాపమో, మరో పెద్ద అబద్ధమో నాకు తెలియదు. నిజం చెప్పడం మాకు నేర్పిన మనిషి నా గురించి ఆ రెండు బిందెలు తప్ప ఒక్క నిజమైనా చెప్పలేదు. ఆ కథలో ఉన్న పంతులమ్మకి నా పేరుంది, నా ఊరుంది, నా ఒక్క రోజు కూడా లేదు. నోటిదాకా వచ్చింది. 'అయిదో తరగతితో ఆగిపోయానండీ, మీ ఆయన వల్లే' అని. ఆవిడ చేతులు ఇంకా నా చెంపల మీదే ఉన్నాయి. బొట్టు చెదిరిన ఆ నుదురు, ఆ రెండు కళ్ళు, ఒక్క మంచి మాట కోసం ఎదురుచూస్తున్నాయి.

"వినుకొండ దగ్గర చేస్తున్నానండీ" అన్నాను.

పోతూ పోతూ నా చేత అబద్ధం కూడా ఆడించారు మాష్టారు.

ఆవిడ ముఖం వెలిగింది. కళ్ళు తుడుచుకుని లోపలికి కేకేశారు. "ఒరేయ్ పిల్లలూ, ఇట్టా రండి! తాతగారు చెప్పే అమ్మాయి వచ్చింది, పంతులమ్మగారు!" చివరిదాకా ఆయన వరండాలో ఊరికే చదువు చెబుతున్న పిల్లలట, ఆయన లేకపోయినా అలవాటు కొద్దీ వచ్చి పెరటి గదిలో కూర్చున్నారు. పది పన్నెండు మంది తోసుకుంటూ వచ్చారు. నన్ను చూడగానే తోపులాట ఆగిపోయింది. అందరూ ఒక్కసారిగా చేతులు కట్టుకుని, వరసగా నిలబడ్డారు. అందరికంటే చిన్నపిల్ల, రెండు జడల పిల్ల, నోరు తెరుచుకుని నాకేసే చూస్తోంది.

పంతులమ్మ కూర్చోమనేదాకా పిల్లలు కూర్చోరు. ఆ ఒక్క మాటా నా నోట రాలేదు. బయట మా ఆయన బండి దగ్గర ఎడ్ల మెడలో గంటలు కదిలాయి. పిల్లలు అలాగే నిలబడి ఉన్నారు.